గడ్డివామిలో బల్లెం

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చేవాళ్లకు పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటాక దేవనహళ్ళి వస్తుంది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. పంపరపనసకూ ద్రాక్షతోటలకూ పేరు. 2008లో విమానాశ్రయం తెరిచాక ఇక్కడ ఎకరం ధర అడగాలన్నా ధైర్యం కావాలి. ఈమధ్య ఈ చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు కూడా వెలుస్తున్నాయి. హరళూరు దగ్గర చాణక్య విశ్వవిద్యాలయం ఉంది. 2021లో కర్ణాటక శాసనసభ చట్టం చేస్తే వచ్చింది. పక్క తాలూకా దొడ్డబళ్ళాపురంలో, నాగదేనహళ్ళి దగ్గర, మన విశాఖపట్నం గీతం వాళ్ల క్యాంపస్ ఉంది.

దేశంలో ఎక్కడ కొత్త క్యాంపస్ కట్టినా అడ్మిషన్ పుస్తకంలో కొన్ని పేర్లు తప్పకుండా ఉంటున్నాయి: క్రిమినల్ జస్టిస్, లీడర్‌షిప్, లిబరల్ స్టడీస్, ఇంటర్‌డిసిప్లినరీ. హిందూపురం నుంచి పిల్లను చేర్పించడానికి వచ్చిన తండ్రి ఈ పేర్లు చదివి, "ఇది చదివితే ఏమవుతారండీ?" అని అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. దానికన్నా ముందు అడగవలసినది ఇంకొకటుంది: ఈ కోర్సును ఎవరు, ఎలా కట్టారు? వడ్రంగి చేసిన బల్ల గట్టిదో కాదో పైన పాలిష్ చూసి చెప్పలేం. బోర్లించి, కాళ్లు పలకకు ఎలా అతికాయో చూడాలి. కోర్సులో కూడా సబ్జెక్టుల జాబితా పైపలకే. చరిత్ర పాఠం ఎక్కడ ఆగి చట్టం పాఠం ఎక్కడ అందుకుంటుందో ఆ అతుకులోనే పనితనమంతా ఉంటుంది.

అలాంటి అతుకు ఒకటి చూపించాలంటే పల్నాడు వెళ్లాలి.

అప్పటి గుంటూరు జిల్లాలో పులిపాడు చెరువు. 1940లలో అక్కడ జరిగిన దాడి మీద తొమ్మిదిమంది పై అప్పీలు దాకా వెళ్లారు. పోలీసుల చేతికి చిక్కాక వాళ్లలో ఒకడు ఇచ్చిన వాంగ్మూలం సారాంశం ఇది: పద్నాలుగు రోజుల కింద పొద్దుగూకే వేళ చెరువు మూల మావాళ్లమంతా కాపు కాశాం, ఫలానా ఇద్దరిని చావగొట్టాం, మావాడొకడు నాకిచ్చిన బల్లెం, నా కర్ర ఊళ్లో ఫలానా ఆయన గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను. గుంటూరు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి ఆ కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. పులుకూరి కొట్టయ్య వర్సెస్ కింగ్ ఎంపరర్ పేరుతో 1947 లా రిపోర్టుల్లో అచ్చయింది. దేశంలో ఏ లా కాలేజీలోనైనా సాక్ష్య చట్టం పాఠంలో ఈ పేరు వినపడని సంవత్సరం ఉండదు. పల్నాటి గడ్డివామి ఒకటి ఇన్ని లక్షలమంది నోట నానుతోందని ఆ వామి వేసుకున్నాయనకు తెలిసి ఉండదు.

కోర్టు ముందున్న చిక్కు ఇది. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకొంటే అది సాక్ష్యం కాదు. 26వ సెక్షన్ ప్రకారం పోలీసు కస్టడీలో ఉండగా ఒప్పుకొన్నదీ, మేజిస్ట్రేటు ఎదుట తప్ప, చెల్లదు. 27వ సెక్షన్ మాత్రం ఒక చిన్న కిటికీ తెరిచింది: ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా సంగతి బయటపడితే, ఆ సంగతికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాటను కోర్టు వినవచ్చు. ఎంత మేరకు? ప్రాసిక్యూషన్ కిటికీని గుమ్మం చేయబోయింది. బల్లెం బయటపడింది కాబట్టి బల్లెంతో చేసిన హత్య గురించి చెప్పినదీ వినాలని వాదించింది.

తీర్పు రాసినది సర్ జాన్ బోమాంట్, అంతకుముందు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు. ఆయన చూపిన పట్టు చూడండి. మా ఇంటి కప్పులో కత్తి దాచాను, తీసి ఇస్తాను అని ముద్దాయి అంటే, పోలీసులు కొత్తగా కనిపెట్టినది కత్తిని కాదు, కత్తుల్ని మనుషులు ఎప్పుడో కనిపెట్టారు అంటాడు. కొత్తగా తెలిసినదల్లా ఆ ఇంట్లో కత్తి దాగి ఉందనీ, అది ఈ మనిషికి తెలుసనీ. అంతవరకే. ఆ కత్తితోనే పొడిచాడా అన్నది వేరే రుజువు కావలసిన విషయం. అందుకని వాంగ్మూలాన్ని మధ్యలో కోశారు. గడ్డివామిలో దాచాను, చూపిస్తాను అన్న ముక్క లోపలికి. చావగొట్టాం అన్న ముక్క బయటికి. ఒకే గుక్కలో చెప్పిన మాటలకు ఇంత సన్నటి కోత వేయడం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటగానే ఉంటుంది.

మామూలు లా కాలేజీలో పాఠం ఇక్కడితో అయిపోతుంది. పరీక్షలో పదిహేను మార్కులకు వస్తుంది, రాస్తారు. బాగా కట్టిన కోర్సుకు ఇది మొదలు. పోలీసు ముందు ఒప్పుకొన్నది చెల్లదని తెల్లదొరలు ఎందుకు రాసుకున్నారు? తమ పోలీసుల మీద తమకే నమ్మకం లేకనా? సరిగ్గా అంతే. 1855లో మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలూ పోలీసు పనీ ఒకే చేతుల్లో ఉన్న రోజులు. వేళ్లను చెక్కల మధ్య నొక్కే కిట్టి, మనిషిని వంచి తలను కాళ్లకు తాడుతో బిగించే అనందాలు, ఇలాంటివన్నీ ఆ నివేదికలో పేర్లతో సహా ఉన్నాయి. ఫిర్యాదులు తెలుగు జిల్లాల నుంచీ వచ్చాయి. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం వచ్చింది, 1872లో అది సాక్ష్య చట్టంలోకి మారింది. ఇది తెలిసిన విద్యార్థికి 25వ సెక్షన్ బట్టీపట్టే వాక్యంగా కనిపించదు. దాని వెనక నలిగిన వేళ్లు కనిపిస్తాయి. ఇది చరిత్ర పాఠమా, చట్టం పాఠమా? టైంటేబుల్ వేసేవాడికి ఇదే అసలు తలనొప్పి. ఈ తలనొప్పి పడ్డవాడి కోర్సే నిలుస్తుంది.

ఇంకా వెళ్లవచ్చు. గడ్డివామి ముద్దాయిది కాదు, ఊళ్లో ఇంకొకరిది. పల్నాడులో పక్షాలంటే ఏమిటో తెలిసిన సమాజశాస్త్రం టీచరు వెంటనే అడుగుతుంది: ఆయన ఏ పక్షం? తన వామిలో బల్లెం ఉన్నట్టు ఆయనకు తెలుసా? స్వాధీనం చేసుకునేటప్పుడు పంచులుగా నిలబడినవాళ్లు ఎవరి మనుషులు? మనస్తత్వశాస్త్రం వైపు నుంచి, చేయని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడన్న ప్రశ్న. ఫోరెన్సిక్స్ వైపు నుంచి, బల్లెం మీద రక్తం ఎవరిదని. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక సోదా, స్వాధీనం వీడియో తీయాలి. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో, రాష్ట్రం ప్రకటించిన తేదీ నుంచి, ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలి. ఆ రోజునే 511 సెక్షన్ల పీనల్ కోడ్ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 27వ సెక్షన్ భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చివర మినహాయింపుగా ఒదిగింది. నంబర్లు బట్టీపట్టినవాళ్ల నెత్తిన పిడుగు పడింది. గడ్డివామి అర్థమైనవాళ్లకు చిరునామా మారిందంతే.

ఇలాంటి అతుకులతో మొత్తం ఐదేళ్ల చదువును కట్టిచూపినది బెంగళూరే. కర్ణాటక 1986లో చేసిన చట్టంతో నేషనల్ లా స్కూల్ ఏర్పడింది. 1988 జులైలో మొదటి బ్యాచ్ చేరింది. కట్టినవాడు ఎన్.ఆర్. మాధవ మీనన్, తిరువనంతపురం మనిషి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి వచ్చినవాడు. అప్పటిదాకా మన దేశంలో లా అంటే ఎక్కువగా డిగ్రీ అయ్యాక ఇంకేమీ తోచక చేరే మూడేళ్ల చదువు. చాలాచోట్ల సాయంకాలం తరగతులు, కోర్టు ముగించుకొని వచ్చే పార్ట్‌టైం లెక్చరర్లు, హాజరు ఎవరూ అడగరు. మీనన్ ఇంటర్ అయిన పిల్లల్ని తీసుకుని ఐదేళ్లు కూర్చోబెట్టాడు.

ఐదేళ్లు అనగానే అందరికీ తోచేది, మొదటి రెండేళ్లు బి.ఎ., తరవాత మూడేళ్లు లా అని. చాలా కాలేజీలు ఇప్పటికీ చేస్తున్నది ఇదే. రెండు డిగ్రీలను పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు వేయడం. బెంగళూరు పద్ధతిలో మొదటి సంవత్సరం నుంచే చరిత్ర, సమాజశాస్త్రం, అర్థశాస్త్రం, రాజనీతి టార్ట్స్, కాంట్రాక్ట్స్ లాంటి చట్టాల పక్కన నడుస్తాయి. ఒకే తరగతికి ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి పాఠం చెప్పే పద్ధతి పెట్టారు. న్యాయవాద వృత్తిలో ఉన్నవాడు, సమాజశాస్త్రజ్ఞుడు ఒకే గదిలో విద్యార్థుల ముందే విభేదించుకోవచ్చు. ఇద్దరు టీచర్లు వాదించుకోవడం చూసిన పిల్లవాడికి పుస్తకంలో ఉన్నదే వేదం అన్న భ్రమ త్వరగా పోతుంది.

మీనన్ సంవత్సరాన్ని మూడు ట్రైమెస్టర్లు చేశాడు. ఐదేళ్లకు పదిహేను. ఒక్కో ట్రైమెస్టర్‌కు నాలుగేసి సబ్జెక్టులు, ఒక్కో సబ్జెక్టుకూ ఒక ప్రాజెక్టు. మొత్తం అరవై. అక్కడ చదివినవాళ్లను కదిలిస్తే మొదట చెప్పేది ఈ అరవై సంగతే, నిద్రలేని రాత్రుల లెక్కతో సహా. ప్రాజెక్టు రాసి ఇస్తే సరిపోదు, వైవాలో కూర్చోవాలి. నువ్వు వేసిన ఫుట్‌నోట్ నువ్వే చదివావా అన్నది అక్కడ తేలిపోతుంది. పదిహేడేళ్ల పిల్లవాడు తన పేజీలను తానే సమర్థించుకోవాలి. రాత, వాదన, ఎదుటివాడి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పడం, మూడూ ఒకే పనిలో ఇమిడిపోయాయి. కోర్టులో వకీలు చేసేది కూడా ఇదే కదా. అయితే వకీలు పని అన్న పేరుతో ఒక పేపరు పెట్టలేదు. ప్రతి సబ్జెక్టులోనూ దాన్ని కలిపేశారు. నన్నడిగితే ఈ కోర్సులో అన్నిటికన్నా తెలివైన పనితనం ఇది.

ఇందులో లోపం లేకపోలేదు. మీనన్ తలచుకున్నది జిల్లా కోర్టుల్లో పేదల పక్షాన నిలబడే వకీళ్లను. చదివి బయటికి వచ్చినవాళ్లలో చాలామంది కార్పొరేట్ లా ఫర్మ్‌లకు వెళ్లారు. మీనన్ తానే ఈ విషయంలో అసంతృప్తి చెప్పుకున్నాడు. సెషన్స్ కోర్టు గుమ్మం ముందు నల్లకోటు వేసుకుని చెట్టుకింద నిలబడే వకీళ్లలో ఈ పట్టా ఉన్నవాడు అరుదు. కోర్సు గట్టిగా కట్టినంత మాత్రాన విద్యార్థి ఎటు నడుస్తాడో కట్టినవాడి చేతిలో ఉండదు. ఫీజుల సంగతి ఎత్తితే అది ఇంకో వ్యాసం.

బెంగళూరు తర్వాత దేశంలో ఇలాంటి స్కూళ్లు చాలా వచ్చాయి. మనకు హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేటలో నల్సార్ 1998లో వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ రణబీర్ సింగ్ బెంగళూరు స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చినవాడే. తొలినాళ్లలో అక్కడ సమాజశాస్త్రం చెప్పినది కల్పనా కన్నబిరాన్. రాజ్యాంగం, వివక్ష మీద ఆవిడ రాసిన పుస్తకం చూస్తే ఇందులో ఏ పేజీ సమాజశాస్త్రం, ఏ పేజీ చట్టం అని విడదీయడం కుదరదు. అతుకు కనపడనంతగా అతికిందన్నమాట. ఇలాంటి స్కూలు పట్టా లేకుండానే ఈ పని చేసిన తెలుగువాడు కె. బాలగోపాల్: గణితంలో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, తరవాత లా చదివి హైకోర్టులో పౌరహక్కుల కేసులు వాదించాడు. ఆయన ఎన్‌కౌంటర్ల మీద రాసిన వాక్యాల్లో లెక్కల మాస్టారి క్రమశిక్షణ కనిపిస్తుంది.

ఈ అతుకుల చదువు కోర్టు దాకా వెళ్లి పనిచేసిన చోటు ఒకటి చెప్పాలి. నల్సార్‌లో చదివిన అనూప్ సురేంద్రనాథ్ ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ఒక బృందాన్ని కట్టాడు. దేశంలో మరణశిక్ష పడ్డ 385 మంది ఖైదీల్లో 373 మందిని వాళ్లు కలిసి మాట్లాడారు. 2016లో నివేదిక వచ్చింది. నాలుగింట మూడొంతులమంది ఆర్థికంగా బలహీనులని తేలింది. న్యాయవాదులు మాత్రమే వెళ్లి ఉంటే కేసు కాగితాల్లో ఉన్నదే మళ్లీ రాసేవారేమో. ఈ బృందంలో మనస్తత్వశాస్త్రం, సోషల్ వర్క్ చదివినవాళ్లు కూడా చేరాక ఖైదీ బాల్యం, బడి, దెబ్బలు, జబ్బులు కాగితం మీదికి వచ్చాయి. ఒక్కో ఖైదీ గురించి ఇలా రాసినదానికి మిటిగేషన్ రిపోర్ట్ అని పేరు. ముద్దాయి నేరం చేశాడా లేదా అన్నది దాని పని కాదు, అది తేలిపోయాకే ఈ రిపోర్టు మొదలవుతుంది. ఉరి వేయాలా వద్దా అనే ముందు ఈ మనిషి ఎవరో జడ్జికి తెలియాలి. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష అడిగే చోట ముద్దాయి మానసిక స్థితి, కుటుంబం, జైలు ప్రవర్తన వివరాలు ట్రయల్ దశలోనే కోర్టు ముందు పెట్టాలని చెప్పింది. ఇప్పుడు ఆ బృందం స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో నల్సార్‌లోనే పనిచేస్తోంది.

ఆ రిపోర్టు రాయడంలో ఉన్న కష్టం చూస్తే ఇంటర్‌డిసిప్లినరీ అన్న పెద్ద మాటకు బరువెంతో తెలుస్తుంది. వకీలుకు కావలసినది కోర్టులో నిలబడే వాక్యం. సైకాలజిస్టు ఇచ్చేది సంభావ్యత. సోషల్ వర్కర్ తెచ్చేది తల్లి మాట, ఊళ్లో మాస్టారి మాట, రెండూ ఒకదానికొకటి పొసగకపోవచ్చు. ఈ ముగ్గురూ కూర్చుని ఒక్కో వాక్యం మీద కుస్తీ పడాలి. ఎవరికి వాళ్లు ఒక అధ్యాయం రాసి పిన్ను కొడితే జడ్జి చదవడు.

లీడర్‌షిప్ పేపర్ల గురించి ఎక్కువ చెప్పను. చాలా కాలేజీల్లో అది స్లైడ్ల మీద మహనీయుల బొమ్మలు. హైదరాబాద్ పోలీసు అకాడమీలో శిక్షణ పొందే ఐపీఎస్ ప్రొబేషనర్‌ను జిల్లా శిక్షణలో కొన్నాళ్లు ఒక పోలీసు స్టేషన్‌కు పూర్తి బాధ్యుడిగా కూర్చోబెడతారు. అర్ధరాత్రి ఫిర్యాదుతో వచ్చిన మనిషికి జవాబు చెప్పాలి, పాతికేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్ చేత పని చేయించాలి. నాయకత్వం పేపరుకు సిలబస్ రాసేవాళ్లు ఈ ఒక్క అమరికను అధ్యయనం చేస్తే చాలు.

మళ్లీ దేవనహళ్ళి వైపు. చాణక్య విశ్వవిద్యాలయం ఛాన్సలర్ ఎం.కె. శ్రీధర్ జాతీయ విద్యావిధానం ముసాయిదా రాసిన కస్తూరిరంగన్ కమిటీలో సభ్యుడు. 2020లో ఆమోదం పొందిన ఆ విధానం లిబరల్ చదువుకు బాణుడి కాదంబరినీ, అరవై నాలుగు కళలనూ సాక్ష్యం పిలిచింది. దాని మీద యూజీసీ 2022 డిసెంబరులో వేసిన నమూనా ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మేజర్‌కు 80, మైనర్‌కు 32, మల్టీడిసిప్లినరీకి 9, పరిశోధనకు 12. ఏడాది చదివి మానేసినా సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. ఇంటి పరిస్థితి బాగాలేక మధ్యలో ఆగిపోయే పిల్లలకు ఇది నిజంగా మేలు. ఆ మర్యాద ఇచ్చి తీరాలి. కాని 160లో తొమ్మిది అంటే మూడు పేపర్లు. క్రిమినల్ జస్టిస్ చదివే పిల్ల ఆ మూడింటిలో ఒకటి ఖగోళం, ఒకటి సంగీతం తీసుకోవచ్చు, మంచిదే. వాటినీ తన సబ్జెక్టునూ అతికే పని మాత్రం టైంటేబుల్‌లో ఎవరి పేరునా రాసి లేదు. పిల్ల నెత్తినే పడింది. మీనన్ అతుకు తానే వేసి ఇచ్చాడు. ఈ నమూనా చెక్కలు ఇచ్చి మేకులు మిమ్మల్నే తెచ్చుకోమంటోంది. పైగా ఆ విద్యావిధానాన్ని అందరికన్నా ముందు, 2021లో, నెత్తిన పెట్టుకున్న కర్ణాటకే 2024లో తన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మూడేళ్ల డిగ్రీకి తిరిగి వెళ్లింది. మధ్యలో చేరిన బ్యాచ్‌లు ఏమనుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఎక్కడికీ వెళ్లకుండా ఇక్కడే వేయగల అతుకు ఒకటుంది. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ల 1,777 ఎకరాలను ఏరోస్పేస్ పార్కుకు తీసుకోబోతే రైతులు 2022 ఏప్రిల్ నుంచి ధర్నాకు కూర్చున్నారు. 2025 జూన్‌లో దేవనహళ్ళి చలో పిలుపు మీద వచ్చినవాళ్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. జులైలో ముఖ్యమంత్రి సిద్దరామయ్య భూసేకరణ విరమించుకుంటున్నామన్నారు. వెంటనే మన ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్, బెంగళూరు పక్కనే మా దగ్గర 8,000 ఎకరాలు సిద్ధంగా ఉన్నాయి రండని పరిశ్రమలను పిలిచారు. 1966 నాటి కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల చట్టం కింద సేకరించడానికీ, 2013 భూసేకరణ చట్టం కింద సేకరించడానికీ తేడా ఏమిటి? ధర్నా చేసేవాడిని ఏ సెక్షన్ కింద ఎంతసేపు ఉంచవచ్చు? రాగులు, పూలు, కూరగాయలు పండే నేలకు ఎకరం ధర ఎవరు కట్టాలి? మూడేళ్లు ఆ ధర్నాను నడిపినవాళ్లు ఏ లీడర్‌షిప్ పేపరు చదివారు? సరిహద్దు అవతల మడకశిర, లేపాక్షి రైతు ఇదే కబురును ఎలా విన్నాడు? ఒక్క ట్రైమెస్టర్ ప్రాజెక్టుకు చాలినంత సరుకు, క్యాంపస్ గేటు నుంచి బస్సు దూరంలో. ప్రాజెక్టు కన్నడంలో, తెలుగులో మాట్లాడగల పిల్లలు చేయాలి, వైవాలో అధ్యాపకుల పక్కన ఆ పదమూడు ఊళ్లలో ఒక ఊరి రైతుకు కుర్చీ వేయాలి. ఆయన అడిగే ప్రశ్నకు మార్కులు ఎలా వేయాలో యూజీసీ నమూనాలో లేకపోతే, విశ్వవిద్యాలయం అకడమిక్ కౌన్సిల్ ఒక పూట కూర్చుని రాసుకోవచ్చు.